అడిస్ అబాబా వెళ్తున్న మేనకోడలికి

చి॥ బంగారుతల్లికి మీ అత్తయ్య ఆశీస్సులు.

నీకు అడిస్ అబాబాలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. ఇథియోపియాలో నేను పాఠాలు చెప్పిన ఆరేళ్లూ కళ్లముందు తిరిగాయి. పెరంబూరులో సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టే ముందు ఈ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదువు.

ముందు గడియారం సంగతి. అక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం 7 వాళ్లకు ఒంటిగంట. చేరిన మొదటివారం హెడ్‌మాస్టరు "రేపు రెండింటికి మీ క్లాసు" అన్నారు. నేను శుభ్రంగా భోంచేసి, మంచి చీర కట్టుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. ఆయన చెప్పింది ఉదయం 8 గంటల సంగతి! పిల్లలు ఎదురుచూసి వెళ్లిపోయారు. బోర్డు మీద చాక్‌పీస్‌తో 'వెల్‌కం టీచర్' అని రాసి, చుట్టూ పూలు గీసి ఉన్నాయి. అది చూసి ఏడుపు ఆగలేదు. బడి ఊడ్చే పెద్దావిడ చీపురు పక్కన పెట్టి, నా భుజం నిమిరి "ఐజోష్" అంది. 'ధైర్యంగా ఉండమ్మా' అన్నట్టు ఆడవాళ్లతో అనే మాట అది. మగవాళ్లతోనైతే ఐజోహ్ అంటారు. వాళ్ల భాష అమ్హారిక్‌లో నేను మనసారా నేర్చుకున్న మొదటి మాట అదే. నీకు ఎవరు టైమ్ చెప్పినా హబెషా (వాళ్ల) లెక్కా, ఫెరెంజ్ (విదేశీయుల) లెక్కా అని తప్పకుండా అడుగు. తేదీలూ అంతే. వాళ్ల సంవత్సరానికి 13 నెలలు, కొత్త సంవత్సరం మన సెప్టెంబర్ 11న (నాలుగేళ్లకోసారి 12న), సంవత్సరం అంకె మనకంటే ఏడెనిమిది వెనక. అగ్రిమెంటులో ఉన్న తేదీలు ఏ క్యాలెండర్‌వో చూసుకున్నాకే సంతకం పెట్టు.

నీ ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడుతున్నావని మీ నాన్న అన్నాడు. పుట్టుకతో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు కావాలంటారేమోనని నీ భయం. అమ్మలూ, అక్కడ తొమ్మిదో తరగతి నుంచి పాఠాలన్నీ ఇంగ్లీష్‌లోనే. అప్పటిదాకా తమ భాషలో చదివిన పిల్లలు ఒక్కసారిగా మూగబోతారు. ఆ బాధ నాకు తెలుసు. తెలుగు మీడియంలో చదివి కాలేజీలో చేరిన రోజు నాకూ అలాగే నోరు పెగల్లేదు. 'ఎ' ఎక్కడ, 'ది' ఎక్కడ అని ఒక్కొక్కటే కూడబలుక్కుని నేర్చుకున్నదానివి కాబట్టే, వాళ్లు ఎక్కడ తడబడతారో నీకు ముందే తెలుస్తుంది. ఆ సంగతి మొదటిరోజే పిల్లలకు చెప్పు. దాచుకోకు.

వాళ్ల భాష కూడా నేర్చుకో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన మనకు అది కొత్తేమీ కాదు. వాళ్ల లిపి ఫిదెల్ మన గుణింతంలాగే నడుస్తుంది. ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. నేను రోజుకొక వరుస చొప్పున నేర్చుకుని, నెల తిరిగేసరికి హాజరు పట్టీలో పిల్లల పేర్లు వాళ్ల అక్షరాల్లోనే రాశాను. ఇంటిపేర్లు ఉండవు, పిల్లల పేరు పక్కన తండ్రి పేరు వస్తుంది. మద్రాసులో నాన్న పేరు ఇనిషియల్‌గా రాసుకునే మనవాళ్లకు అదీ అలవాటే. నా చేతిరాత చూసి వెనకబెంచీ కుర్రాడొకడు లేచి వచ్చి ఒక అక్షరం కొమ్ము సరిదిద్దాడు. అంతవరకూ నోరు విప్పని ఆ పిల్లవాడు మర్నాటి నుంచి ఇంగ్లీష్‌లో ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు.

తిండికి దిగులు లేదు. బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. "యె త్సోమ్", అంటే ఉపవాసపు భోజనం, అని అడిగితే పప్పు, శనగపిండి కూర, ఆకుకూరలు ఇంజెరా మీద వడ్డించి పెడతారు. ఇంజెరా పులిసిన పిండితో పోసిన పెద్ద అట్టులా ఉంటుంది. వారం రోజులు నచ్చదు, తర్వాత వదలలేవు. ఎవరైనా తమ చేత్తో ముద్ద కలిపి నీ నోటికి అందిస్తే వెనక్కి జరగకు. దాన్ని గుర్షా అంటారు, మన అమ్మమ్మ గోరుముద్దలాంటిది. ప్రెషర్ కుక్కర్ మాత్రం మర్చిపోవద్దు. అడిస్ 2,300 మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకే కందిపప్పు ఎంతకీ ఉడకదు. స్వెటర్లు కూడా పెట్టుకో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలూ చలీ.

గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం పాస్‌పోర్టుతో పాటే ఉంచు. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపి క్వారంటైన్‌లో పెడతారు.

ఈ ఆదివారం మైలాపూర్ రా. నేను ఫిదెల్ దిద్దుకున్న నోటుబుక్ ఇంకా బీరువాలోనే ఉంది. మొదటి రెండు వరుసలు ఇద్దరం కలిసి దిద్దుదాం.

మీ అత్తయ్య