నాన్న ఎన్నడూ వాడని మందు ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: డాక్టరుగారూ, నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన వారానికి చలిజ్వరం వచ్చింది. యూరిన్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే క్రిమి ఉందని వచ్చింది. మెరోపెనెమ్, ఇమిపెనెమ్‌తో సహా దాదాపు అన్ని మందుల పక్కనా ‘ఆర్’ అని, కొలిస్టిన్ పక్కన మాత్రం ‘ఐ’ అని ఉంది. ఆ కొలిస్టిన్ ఇంజక్షన్లతోనే తగ్గి ఇంటికొచ్చారు. ఆయన తలనొప్పికి కూడా మాత్ర వేసుకోని మనిషి. ఎన్నడూ వాడని మందుకు ఒళ్లు ఎలా అలవాటు పడింది? మాకు కోళ్ల ఫారం ఉంది, దానివల్లే అంటున్నారు బంధువులు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ‘ఐ’ సంగతి చెప్పేస్తాను. రిపోర్టులో ‘ఆర్’ అంటే క్రిమి ఆ మందుకు లొంగదని, ‘ఎస్’ అంటే లొంగుతుందని, ‘ఐ’ అంటే ఆ రెంటికీ మధ్య అని. కొలిస్టిన్‌కి ‘ఎస్’ అని రాయడం అమెరికన్ ప్రమాణాలు పాటించే ల్యాబులు 2020 నుంచి మానేశాయి. ఇప్పుడు ఆ మందుకు ‘ఐ’ అన్నదే మంచి మార్కు. పైగా దాన్ని మందు అద్దిన కాగితపు బిళ్ల పెట్టి పరీక్షిస్తే ఫలితం నమ్మలేం. మందు అణువు పెద్దది, క్రిములను పెంచే ప్లేటులోని అగర్ అనే జెల్లీలో సరిగ్గా పాకదు. ఈ సంగతి తెలియక ముందు నేనూ అందరిలాగే ఏళ్ల తరబడి బిళ్లలు పెట్టి సంతకాలు చేసినదాన్నే.

ఇక మీ ప్రశ్న. మందుకు అలవాటు పడింది నాన్నగారి ఒళ్లు కాదు, క్రిమి. ఆయన ఆ మందు మొహం చూడకపోయినా ఆ క్రిమి ఎక్కడో చూసి ఉండొచ్చు. లేదా చూసిన క్రిమి దగ్గర అందుకుని ఉండొచ్చు. ఆ అందుకోవడమే చిత్రం.

ఇంట్లో తోడు లేకపోతే పక్కింటికి గిన్నె పంపుతాం. ఆవిడ చెంచాడు పెరుగు వేసి పంపుతుంది. ఆవిడ పెరుగేమీ తరిగిపోదు, మన పాలు తెల్లారేసరికి తోడుకుంటాయి, మర్నాడు ఇంకొకరు అడిగితే మనమూ ఇవ్వగలం. క్రిముల మధ్య నడిచేదీ ఇలాంటిదే. కాకపోతే తోడులో క్రిములే గిన్నె మారతాయి, ఇక్కడ క్రిమి కదలదు, దాని దగ్గరున్న చీటీ ఒకటి మారుతుంది. ఆ చీటీయే ప్లాస్మిడ్. అసలు క్రోమోజోముకు సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న డీఎన్ఏ గాజు. ఇచ్చే క్రిమి సన్నటి నూలుపోగులాంటిది చాపి పక్కదాన్ని దగ్గరకు లాక్కుంటుంది. గాజులోని రెండు పేటల్లో ఒకటి అటు వెళ్తుంది, మిగిలిన పేటకు జతను ఎవరికి వారు అల్లుకుంటారు. కొద్ది నిమిషాల్లో ఇద్దరి దగ్గరా పూర్తి గాజులే. తీసుకునేది అదే జాతి కానక్కర్లేదు. క్లెబ్సియెల్లా, పేగుల్లో ఉండే ఈ.కోలై అనే మరో క్రిమికి ఇస్తుంది, ఈ.కోలై ఇంకోదానికి ఇస్తుంది. గేదె పాలైనా ఆవు పాలైనా అదే తోడు కదా.

పీజీలో ఉన్నప్పుడు మా మేడమ్ ఈ ప్రయోగం చేయించారు. మందుకు లొంగని క్రిమినీ, లొంగే అమాయకపు ఈ.కోలైనీ ఒకే ట్యూబులో వేసి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచాను. పొద్దున ఆ అమాయకురాలు మందు కలిపిన ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా మొలిచింది. నేనే ఏదో కలగాపులగం చేశాననుకుని మూడుసార్లు మళ్లీ చేశాను. మూడుసార్లూ మొలిచింది.

మనిషి కడుపులోనూ ఇది జరుగుతుందనడానికి బలమైన ఆధారం 2008లో స్వీడన్‌లో దొరికింది. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్లిన 59 ఏళ్ల భారత సంతతి మనిషి మూత్రంలో కార్బపెనెమ్ మందులకు లొంగని క్లెబ్సియెల్లా కనిపించింది. మెరోపెనెమ్ ఆ కుటుంబంలోదే. ఈ మందులను కోసిపారేసే ఆ ఎంజైమ్‌కు ఎన్డీఎం-1 అని పేరు పెట్టారు. అందులో ‘ఎన్డీ’ అంటే న్యూఢిల్లీ, దాని మీద మనవాళ్లకు కోపమూ వచ్చింది. నాకు ముఖ్యమనిపించేది పేరు కాదు. అదే మనిషి మలంలోని ఈ.కోలైలోనూ ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జీన్ కనిపించింది, అక్కడా ప్లాస్మిడ్ మీదే. తర్వాత 2011లో ఢిల్లీలో వెతికితే 50 కుళాయి నమూనాల్లో 2 చోట్ల, 171 మురుగునీటి నమూనాల్లో 51 చోట్ల ఆ జీన్ దొరికింది. ఆ ప్లాస్మిడ్లు చేతులు మారడానికి 30 డిగ్రీలు బాగా అనువుగా ఉందట. మన కాలువ నీళ్లకు అదేం పెద్ద వేడి?

ఇంకో చిక్కుంది. ఒకే గాజు మీద నాలుగైదు రకాల మందులకు విరుగుడు ఉంటుంది. జలుబుకని ఎవరో వేసుకున్న మామూలు యాంటీబయాటిక్ కూడా ఆ గాజున్న క్రిములనే మిగిల్చి, మెరోపెనెమ్ విరుగుడును కూడా ఉచితంగా కాపాడి పెడుతుంది. కాబట్టి ‘ఎవరు ఏ మందు వాడారు’ అని మీ ఇంట్లో లెక్క తీయడం వృథా.

కోళ్ల సంగతి. మెరోపెనెమ్ కోళ్లకు వేసే మందు కాదు, నాన్నగారి రిపోర్టు చూసి మీ ఫారాన్ని తప్పుపట్టలేను. యూరిన్ పైపు, ఆసుపత్రి మంచం మీదే నా అనుమానం. కొలిస్టిన్ కథ వేరు. కిడ్నీలను దెబ్బతీస్తుందని డాక్టర్లు చాలా ఏళ్లు పక్కన పెట్టిన మందు అది, మేతలో మాత్రం బరువు పెరగడానికి కలుపుతూ వచ్చారు. దానికి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జీన్ ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 2015లో చైనా పరిశోధకులు ప్రకటించారు. షాంఘైలో ఒక పందిలో దొరికిన ఈ.కోలైతో మొదలైంది ఆ వెతుకులాట. మన దేశం 2019 జులైలో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్‌ను నిషేధించింది. మీ మేత బస్తా మీదా, నీళ్లలో కలిపే మందు సీసా మీదా ఆ పేరుందేమో ఒకసారి చూడండి. ఉంటే తిప్పి పంపండి. అయితే మన ఆసుపత్రుల్లో కొలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో ఎక్కువ భాగం ప్లాస్మిడ్‌తో కాక, సొంత జీన్‌లో మార్పుతో అలా తయారైనదే.

పాపను తాతగారి ఒళ్లో కూర్చోనివ్వండి. ఆ క్రిమి ఆయన పేగుల్లో కొన్ని నెలలు ఉండిపోవచ్చు, ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. దాన్ని చంపేద్దామని ఇప్పుడు మందు అడగకండి. బాత్రూమ్ నుంచి వచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, చాలు. ఆ కల్చర్ రిపోర్టు మాత్రం పారేయకండి. మళ్లీ ఎప్పుడు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, కంటి ఆపరేషన్‌కైనా సరే, ముందు దాన్ని చూపించండి. పక్క మంచం మనిషికి అంటకుండా చూసుకోవడానికి అది చాలా అవసరం.