పిల్లల సైకిల్ హెల్మెట్: ఒక సైజు పెద్దది కొనవచ్చా?

పిల్లవాడు ఎలాగూ ఎదుగుతాడు కాబట్టి హెల్మెట్‌ను ఒక సైజు పెద్దదే కొనవచ్చా అని మీరు అడిగారు. కొనకండి. లాగు పొడవైతే మడిచి కుట్టించుకోవచ్చు గానీ, వదులు హెల్మెట్ మాత్రం తల నేలకు తగిలేలోపే పక్కకు జరిగిపోతుంది. కనుబొమ్మలకు కాస్త పైగా తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఆ సెంటీమీటర్లను బట్టి ఎంచుకోవాలే తప్ప, పెట్టె మీద రాసిన వయసును నమ్మకూడదు.

మా అమ్మాయి ఒకసారి మలుపులో ఇసుక మీద చక్రం జారి పడినప్పుడు, తల పక్కభాగం సిమెంటు గట్టుకు కొట్టుకుంది. దాని ఏడుపంతా గీరుకుపోయిన మోకాలి గురించే. హెల్మెట్ పైపెంకు మీద రెండు గీతలు తప్ప ఏమీ కనబడలేదు. లోపలి మెత్తలు ఊడదీసి చూస్తే, చెవికి పైభాగాన తెల్లటి థర్మోకోల్ పొర అణిగిపోయి, వెంట్రుకవాసి పగులు అంచుదాకా పాకి ఉంది. మా చెల్లెలు, “పైకి బాగానే ఉంది కదక్కా, మావాడికి ఇచ్చెయ్యి” అంది. నేను పట్టీలు కత్తిరించి పారేశాను. ఆ పొర నలిగిపోవడం ద్వారానే దెబ్బను తనలోకి తీసుకుంటుంది, ఒకసారి నలిగినది మళ్లీ పొంగదు. అందుకే ఎవరో వాడి వదిలేసిన హెల్మెట్‌ను పిల్లలకు తగిలించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ధర గురించి బెంగ వద్దు. అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ ప్రమాణం ప్రకారం హెల్మెట్‌ను నమూనా తలకు తొడిగి, రెండు మీటర్ల ఎత్తు నుంచి చదునైన దిమ్మె మీద పడవేసినప్పుడు, తలకు చేరే అదురు 300 జి (అంటే భూమ్యాకర్షణ త్వరణానికి 300 రెట్లు) దాటకూడదు. ఐరోపాలో దీనికి ఈఎన్ 1078 అనే ప్రమాణం ఉంది. ఇలాంటి ప్రమాణపు ముద్ర ఉండి, తలకు సరిగ్గా అమరిన చవక హెల్మెట్, అమరని ఖరీదైనదానికన్నా నిస్సందేహంగా మేలు.

అమరిక అంటే, ముందు అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, నోరు బాగా తెరిస్తే హెల్మెట్ నెత్తిని నొక్కినట్లు అనిపించాలి. నుదురంతా బయటపడేలా హెల్మెట్‌ను వెనక్కి నెట్టి ఫోటోలు తీసే తల్లిదండ్రులకు, తాము హెల్మెట్ లేకుండా సైకిల్ తొక్కుతూ పిల్లలకు నీతులు చెప్పేవారికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కే ముందు మాత్రం హెల్మెట్ తప్పక తీయించండి. కమ్మీల మధ్య అది ఇరుక్కుంటే, పట్టీయే మెడకు బిగుసుకుంటుంది.