తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారా? ఏం చేశారు?

"మూడుసార్లు తగ్గాను, మూడుసార్లూ అంతకంటే ఎక్కువే పెరిగాను, నాకు పట్టుదల లేదంటున్నారు" అని రాశారు. చదివి ఊరుకోలేకపోయాను.

ఉన్నామండీ. కానీ ముందే చెప్పేస్తాను, నేను సన్నగా లేను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 70 కేజీలకి అటూ ఇటూ. మన దేశంలో డాక్టర్లు వాడే లెక్కలో బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నాది 28. అంటే ఇప్పటికీ లావే. కాకపోతే ఒకప్పుడు 83 ఉండేదాన్ని, మూడేళ్ళ పైనుంచి 69కీ 72కీ మధ్య ఆగి ఉన్నాను. ఆ ఆగడం గురించి మాత్రం నాకు కొంచెం తెలుసు.

మాది శ్రీకాకుళం. బడిలో టీచరుని. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు చేశాను కానీ ఎంతన్నది ఎప్పుడూ చూసుకోలేదు. 2016 డిసెంబరులో ఒకరోజు మావయ్యతో కలిసి మిల్లుకి వెళ్ళాం. ధాన్యం తూకం అవుతుంటే పిల్లలు సరదాకి కాటా ఎక్కారు, అమ్మా నువ్వూ ఎక్కు అని లాగారు. కాటా దగ్గర కుర్రాడు అలవాటు కొద్దీ "ఎనభై మూడు" అని గట్టిగా చదివేశాడు, చదివి నాలుక కరుచుకున్నాడు. మా వైపు బస్తా ధాన్యం 80 కేజీలు. ఇంటికొచ్చేదాకా మావయ్య నాతో మాట్లాడలేదు, పాపం ఆయనకే సిగ్గేసింది.

ఆ కసితో ఒక వెయిట్ లాస్ సెంటర్లో చేరాను. పొద్దున పొడి, రాత్రి పొడి, మధ్యాహ్నం రెండు చపాతీలు, దోసకాయ ముక్కలు. అన్నం మొహం చూడలేదు. మొదటి వారంలోనే మూడు కేజీలు దిగితే ఇంక ఆ సెంటరు ఆవిడ నాకు దేవతలా కనపడింది. అందులో ఎక్కువ భాగం నీళ్ళని తర్వాత తెలిసింది. ఒళ్ళు కండల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారు, గ్రాముకి మూడు గ్రాముల నీళ్ళని పట్టి ఉంచుతుంది, అన్నం మానేస్తే ముందు అది ఖాళీ అవుతుంది. నాలుగు రోజులు అన్నం తింటే ఆ నీళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. ఏదైతేనేం, అయిదు నెలల్లో 17 కేజీలు తగ్గాను. 66. స్టాఫ్ రూంలో అందరూ చీర కట్టు మారిందన్నారు. జుట్టు మాత్రం దువ్వెన నిండా వచ్చేది. సెంటర్లో అడిగితే ఇంకో పొడి అమ్మారు.

పొడి మానేసిన ఏడాదికి 74 అయింది. అప్పుడొచ్చింది తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11. మా పుట్టిల్లు ఉద్దానం, కొబ్బరి తోట. నేను వెళ్ళేసరికి చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి, కరెంటు లేదు, నాన్న గట్టు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం లేదు. సెలవు పెట్టి దాదాపు నెల అక్కడే ఉన్నాను. ఎవరేం తెచ్చి పెడితే అదే తిండి, పులిహోర పొట్లాలు, బిస్కట్లు, టీ, మళ్ళీ టీ. దోసకాయ ముక్కల మాట అక్కడ ఎవరితో అంటాం? ఆ సంక్రాంతికి 79, లాక్‌డౌన్ అయ్యేసరికి 81. అంటే ఎక్కడ మొదలెట్టానో దాదాపు అక్కడికే.

అప్పట్లో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. మీరూ అదే పనిలో ఉన్నట్టున్నారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాలు బాగా కడుపు మాడ్చి బరువు తగ్గించి, ఏడాది తర్వాత వాళ్ళ రక్తం పరీక్షించారు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆకలి పుట్టించే హార్మోన్లు ఏడాదైనా పాత స్థాయికి దిగలేదు, కడుపు నిండిందని చెప్పేవి పైకి లేవలేదు. వాళ్ళకి ఆకలి కూడా ముందుకంటే ఎక్కువే ఉంది. పైగా తగ్గిన ఒళ్ళు తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుంటుంది. నా జిహ్వచాపల్యం లేదని అనను, పకోడీల బండి దగ్గర నేనేంటో నాకు తెలుసు. కానీ కరువు దాటొచ్చిన ఇంట్లో గాదె నింపుకోవాలని చూసినట్టు ఒళ్ళు చూస్తుందని తెలిశాక తిట్టుకోవడం కొంచెం తగ్గింది.

ఇక రెండోసారి ఎలా తగ్గానో చెప్పాలి. ఇందులో నా గొప్ప చాలా తక్కువ. 2021లో మా అత్తకి షుగర్ బయటపడింది. అంతే.

మా ఇంట్లో గరిట అత్తది. నేను వేరే గిన్నెలో నా కూర వండుకున్న రోజుల్లో "ఇదేటి, కొత్త కాపురం ఎట్టినావా" అనేది. నూనె తగ్గించమంటే రుచి పోతుందనేది, నేను కొంచెం సన్నబడితే "ఏటమ్మా అలా సిక్కిపోనావు, మా ఇంట తిండికి కరువొచ్చిందనుకుంటారు" అని ఇంకో గరిటెడు వేసేది. నేను అయిదేళ్ళు మొత్తుకున్నవే డాక్టరు అయిదు నిమిషాల్లో చెప్పాడు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, "నూనె తగ్గించీమన్నాడు, అన్నం తగ్గించీమన్నాడు. తగ్గించీస్తాను. ఇంక ఎవులూ మాటాడకండి" అంది. మావయ్య నిజంగానే మాట్లాడలేదు. ఆయన వేపుడు మాత్రం ఆదివారం పూట పాత లెక్కనే ఉండాలన్న ఒప్పందం మీద.

నూనె లెక్క చెప్తాను, చూడండి. ఆరుగురం, నెలకి ఆరు లీటర్లు అయ్యేది. మనిషికి నెలకి లీటరు, అంటే రోజుకి దాదాపు 270 కేలరీలు ఒక్క నూనెలోనే. ఇప్పుడు మూడున్నర లీటర్లు. మనిషికి రోజుకి 110 కేలరీల పైనే తగ్గింది, ఎవరికీ ఆకలి పెరగలేదు. మొదటి నెల కూర అడుగంటేది, ఇప్పుడు అత్త మూత పెట్టి మగ్గబెడుతుంది. బెండకాయ బెల్లం పులుసులో బెల్లం కూడా తగ్గింది, అది నాకు బాధే.

అన్నం సంగతి ఇంకా పెద్దది. ఒకరోజు ఊరికే నా కంచంలో పడేది వంటింటి కాటా మీద తూచాను. ఒక్క పూట 420 గ్రాములు! వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు వేసుకుంటే 550 దగ్గర. నేనేమీ తిండిపోతులా తినట్లేదు. మన భోజనమే అలా ఉంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పులుసులోకి మళ్ళీ, పెరుగులోకి ఇంకా. ప్రతిదానికీ "ఇంకొంచెం" పెట్టుకుంటాం, అది ఎన్ని కొంచేలైందో ఎవరూ చూడరు. అందుకని కూర్చోగానే మొత్తం అన్నం ఒకేసారి వడ్డించేసుకుని, చేత్తో గీతలు గీసి మూడు వాటాలు చేస్తాను. పప్పు వాటా, కూర వాటా, పెరుగు వాటా. మారు వడ్డన లేదు. మొదటిసారి చూసి అత్త "కంచంలో పొలం గట్లేస్తున్నావేటే" అని పడీ పడీ నవ్వింది. వారం తిరక్కుండా ఆవిడా గట్లేయడం మొదలెట్టింది. ఇప్పుడు నాది 220 గ్రాములు ఉంటుంది, తూచక్కర్లేదు, కంటికి తెలిసిపోయింది. తగ్గిన చోట కూర రెట్టింపు, ఒక గుడ్డో చేప ముక్కో.

ఇక్కడో మాట. మా వైపు ఎవర్ని అడిగినా "చోళ్ళు తిను, తగ్గుతావు" అంటారు, చోళ్ళంటే రాగులు. చోడి అంబలి తాగి పెరిగిన ప్రాణమే నాది, దాన్ని ఏమీ అనను. కానీ చోడిపిండి వంద గ్రాముల్లో 320 కేలరీల దాకా ఉంటాయి, బియ్యంలో 350 పైన. తేడా అంతే. కాల్షియం, పీచు ఎక్కువన్నది నిజం. పల్చటి అంబలి తాగి సన్నబడ్డవాళ్ళు గ్లాసులో పిండి తక్కువగా ఉండటం వల్ల సన్నబడ్డారు. రెండు చోడి ముద్దలు తిని, పైన నెయ్యి వేసుకుని, మిల్లెట్లు అంటే ఎలాగండీ.

పొడుల గురించి కూడా. మా పుట్టింటి వైపు కిడ్నీ జబ్బు చాలా ఇళ్ళల్లో ఉంది, ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నేను అయిదు నెలలు ప్రోటీను పొడి తాగానని తెలిసి మా డాక్టరు వేసిన మొదటి ప్రశ్న, "క్రియాటినిన్ చూపించుకున్నావా?" కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. ఆ సెంటర్లో ఎవరూ అడగలేదు. నాది బాగానే ఉంది, అదృష్టం. మీరు ఏది మొదలుపెట్టినా ముందు క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి.

నడక. శ్రీకాకుళంలో 80 అడుగుల రోడ్డు మీద పొద్దున చూస్తే నాలాగే అందరూ నడుస్తూనే ఉంటారు, ఒక్క నడకతో ఎవరూ తగ్గరు. నా బరువుకి గంట నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీలు. సాయంత్రం ఓ ప్లేటు పకోడీతో చెల్లు. తగ్గడానికి నడక పెద్దగా పనికొచ్చిందని నేననుకోను, కానీ తగ్గినచోట ఆగడానికి పనికొచ్చింది. రోజూ ఆ గంట లేకపోతే నేను తినగలిగే అన్నం ఇంకా తక్కువుండాలి, అది నా వల్ల కాదు. అత్తని వాకింగుకి రమ్మంటే రాలేదు. అరసవల్లి గుడికి నడిచి వెళ్దామంటే చెప్పులేసుకుని సిద్ధం. మా ఇంటి నుంచి రానూపోనూ నాలుగు కిలోమీటర్ల పైమాట. పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరితే నేను బడికి వెళ్ళే వేళకి అన్నీ కుదురుతాయి. ఆదివారాలు మాత్రం అటు పోకండి, సూర్యనారాయణస్వామి వారం కదా, నడవడానికి చోటుండదు. రథసప్తమి సంగతి చెప్పక్కర్లేదు.

ఇలా 81 నుంచి 70కి రావడానికి 14 నెలలు పట్టింది. మొదటిసారి 17 కేజీలకి అయిదు నెలలు. నెలకి కేజీ కూడా తగ్గకపోతే ఎవరూ మెచ్చుకోరు, అసలు ఎవరికీ కనపడదు. అదీ ఒకందుకు మేలే, "ఏటి రహస్యం" అని అడిగి దిష్టి పెట్టేవాళ్ళు లేరు.

70 దగ్గర ఆగిపోయింది. ఇంకా తగ్గాలని ఆర్నెల్లు యుద్ధం చేశాను, చిరాకు తప్ప ఏమీ రాలేదు. వదిలేశాను. అత్త షుగరు అదుపులోకొచ్చింది, నా మోకాళ్ళు బడి మెట్లెక్కేటప్పుడు నొప్పి లేదు. మీరు 60 దగ్గర ఆగుతారో 75 దగ్గర ఆగుతారో నేను చెప్పలేను.

బరువు తగ్గించే సూదిమందుల గురించి కూడా అడిగారు. నేను వాడలేదు. మా సహోద్యోగి భర్త వాడుతున్నారు, తగ్గారు కూడా. కాకపోతే అలాంటి మందే, సెమాగ్లుటైడ్, దాని ట్రయల్‌లో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఎన్నాళ్ళు కొనగలరో, ఆపితే ఏం చేస్తారో డాక్టరుతో మాట్లాడుకున్నాకే మొదలుపెట్టండి.

పండగలకి ఏం చేస్తానంటారా? తింటాను. సంక్రాంతికి పోకుండలు, అరిసెలు, కనుమ నాడు గారెలు, కోడికూర. ఆ నాలుగు రోజుల్లో కేజీన్నర ఎక్కుతుంది. ఇబ్బంది పండగతో కాదు, పండగయ్యాక డబ్బాలో మిగిలినవాటితో. ఫిబ్రవరి దాకా టీతో పాటు ఒక్కో అరిసె. ఇప్పుడు సెలవులయ్యి బడి తెరిచిన రోజే డబ్బా పట్టుకెళ్ళిపోతాను, ఐదో తరగతి పిల్లలు మధ్యాహ్నానికి ఖాళీ చేసి ఇస్తారు.

బుధవారం పొద్దున కాటా ఎక్కుతాను, వారానికొక్కసారే. క్యాలెండరు మీద అంకె రాస్తాను. 72 దాటితే ఆ వారం నుంచి సాయంత్రం టిఫిను బంద్, మళ్ళీ 71కి వచ్చేదాకా. కొత్తగా ఇంకేమీ మొదలుపెట్టను.

మీ ప్రశ్నలో మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారో రాయలేదు. అది చెప్తే ఇంకొంచెం ఉపయోగపడే మాట చెప్పగలనేమో. మీకోసం వేరే గిన్నె పెట్టుకుంటున్నారా, లేక ఇంటి గిన్నెలోనే మార్చగలరా అన్నది నేనైతే అన్నిటికంటే ముందు చూస్తాను. అలాగని ఇంట్లో ఎవరికో షుగర్ రావాలని కోరుకోలేం కదా!

మొన్న బుధవారం 72.3. శ్రావణమాసం, పేరంటాలు, ఎవరింటికెళ్ళినా శనగలు, పులిహోర పెట్టకుండా పంపరు. అందుకని ఈ వారమంతా బడి నుంచి వచ్చేటప్పుడు పకోడీల బండి ఉన్న వీధి వదిలేసి వెనక సందులోంచి వస్తున్నాను. బండి అబ్బాయి నిన్న మా చిన్నోణ్ణి అడిగాడట, "టీచరుగారు ఊళ్ళో నేరా?" అని.