కేబుళ్లు రెండైనా స్పీడు ఒకటేనా?

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. గెలాక్సీ స్లాబుల ఫొటోలు, బిల్లులు అన్నీ ఒకే లైనక్స్ సర్వర్‌లో ఉన్నాయి. దాని నాలుగు పోర్టుల నెట్‌వర్క్ కార్డులో రెండు పోర్టులను బాండింగ్‌తో (రెండు లైన్లను ఒకటిగా వాడే లైనక్స్ సదుపాయం) కలిపి, రెండు కేబుళ్లనూ మామూలు ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లో పెట్టాను. నా సిస్టమ్‌కు ఫొటోల ఫోల్డర్ కాపీ చేస్తే సెకనుకు 110 ఎంబీ దాటడం లేదు, పైగా మధ్యమధ్యలో తడబడుతోంది. రెట్టింపు రావాలి కదా? ఒక కేబుల్ పోయినా పని ఆగకూడదని మా ఓనర్ గారి పట్టు.
- ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: 110 వస్తోందంటే లైను బాగానే ఉన్నట్టు. ఒక గిగాబిట్ లైను అంటే లెక్క ప్రకారం సెకనుకు 125 ఎంబీ. డేటాకు ముందు తగిలించే అడ్రసులు, అంటే హెడర్లు, గిడర్లు పోను చేతికొచ్చేది అంతే. మీ సిస్టమ్‌లో ఉన్నదీ ఒక గిగాబిట్ కార్డే అయ్యుంటుంది. సర్వర్‌కు నాలుగు కేబుళ్లు గుచ్చినా మీ దగ్గరికి వచ్చే దారి అంతే.

క్వారీలో పనిచేసే ఊరివాళ్లు, మీకు చెప్పాలా? ఒక బ్లాకును రెండు లారీల్లో వేయలేరు. నెట్‌వర్క్‌లో ఒక కనెక్షన్ కూడా ఒక బ్లాకు లాంటిదే, మామూలుగా ఒక కేబుల్ మీదే పోవాలి. నలుగురు ఒకేసారి ఫొటోలు తెరిస్తే ఇద్దరివి ఒక దారిన, ఇద్దరివి ఇంకో దారిన పోవచ్చు. లాభం అక్కడుంది.

ఆ తడబాటుకు కారణం వేరే. కేబుళ్ల మధ్య పని ఎలా పంచాలో చెప్పేది మోడ్. అది ఏదో చెప్పకపోతే బాండింగ్ తనంతట తాను మోడ్ సున్నా తీసుకుంటుంది. మీరు చెప్పలేదనే నా అనుమానం. అందులో ఒకే కనెక్షన్ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఈ పోర్టు నుంచి ఒకటి, ఆ పోర్టు నుంచి ఒకటి పోతాయి. అవతల వరస తప్పి చేరతాయి, అవతలి సిస్టమ్ సర్దుకోలేక కొన్నిటిని మళ్లీ పంపమంటుంది. పైగా ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) రెండు పోర్టుల్లో కనపడేసరికి మీ స్విచ్‌కు ఎటు పంపాలో పాలుపోదు. సున్నా వాడాలంటే ఆ రెండు పోర్టులూ ఒకటేనని స్విచ్‌కు చెప్పగలగాలి. మామూలు స్విచ్‌కు చెప్పే దారే లేదు.

మీ స్విచ్‌తో కుదిరేవి రెండు. మోడ్ 1లో ఒక కేబుల్ పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. మోడ్ 6లో రెండూ పనిచేస్తాయి, స్విచ్‌ను అడిగేదేం లేదు. నన్నడిగితే మీకు 1 చాలు. పంపకం బాగా కుదరాలంటే మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) కొని మోడ్ 4, అంటే ఎల్ఏసీపీ (సర్వరూ స్విచ్చూ మాట్లాడుకుని లైన్లను కలిపే పద్ధతి) పెట్టుకోండి. 2000లో వచ్చిన ప్రమాణం అది, ఇప్పుడు చాలా స్విచ్‌లలో ఉంటోంది. ఏ మోడైనా బాండింగ్ సెట్టింగుల్లో ఎంఐఐమాన్ (లింకు ఉందా తెగిందా అని ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూడాలో చెప్పేది) విలువ 100 అని రాయండి, సెకనుకు పదిసార్లు లింకు చూస్తుంది. అక్కడ సున్నా ఉంటే అసలు చూడదు.

ఇక మీ ఓనర్ గారి పట్టు. నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రికి నేనూ ఇలాగే రెండు కేబుళ్లు వేసి, సర్వర్‌కు ఢోకా లేదని గొప్పగా చెప్పొచ్చాను. రెండు నెలలకు ఒక పొద్దున ఫోను, బిల్లింగ్ ఆగిందని. డిశ్చార్జి వాళ్లు సంచులు సర్దుకుని వరండాలో కూర్చున్నారు. పోయి చూస్తే రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో ఉన్నాయి. ఆ స్విచ్ అడాప్టర్‌ను ఎవరో పీకి, అదే సాకెట్‌లో టీ కెటిల్ పెట్టుకున్నారు. నీళ్లు ఇంకా మరుగుతున్నాయి. కోపం రాలేదు, సిగ్గేసింది.

అందుకని ఒక కేబుల్ మదర్‌బోర్డు పోర్టు నుంచి, ఇంకోటి కార్డు నుంచి తీయండి. నాలుగు పోర్టులున్నా కార్డు ఒకటే, పోతే అన్నీ పోతాయి. ఇంకో స్విచ్ కొని కేబుళ్లను చెరొక దాంట్లో పెట్టండి, స్విచ్‌లు రెండింటినీ ఒక కేబుల్‌తో కలపండి, కరెంటు వేర్వేరు యూపీఎస్‌ల నుంచి ఇవ్వండి. విడివిడి స్విచ్‌ల మధ్య మోడ్ 4 కుదరదు, అందుకే మోడ్ 1 అన్నాను. మీ సిస్టమ్స్ అన్నీ ఒకే స్విచ్ మీదుంటే అది పోయినప్పుడు సర్వర్ బతికున్నా చూసేవాళ్లుండరు. సగం అటు, సగం ఇటు పంచండి.

ఆదివారం ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు ఒక సిస్టమ్ నుంచి సర్వర్‌కు పింగ్ (పలుకుతోందా అని ఆగకుండా అడిగే కమాండ్) పెట్టి, కేబుళ్లు ఒక్కొక్కటిగా పీకి చూడండి. ఒకటి రెండు పింగ్‌లు పోతే పోనీండి. సర్వర్‌లో బాండ్ వివరాలు చూపే ఫైల్ తెరిస్తే ఏ పోర్టు పనిలో ఉందో, ఏది ఎన్నిసార్లు తెగిందో లింక్ ఫెయిల్యూర్ కౌంట్ అని కనిపిస్తుంది. మీరు పీకకుండానే ఆ అంకె పెరుగుతుంటే కార్డు మార్చే ముందు కేబుల్ తీసి పోర్టులోకి టార్చి వేసి చూడండి. కటింగ్ షెడ్డు పక్కనుండే ఆఫీసు కదా, లోపల పిన్నుల మీద తెల్లగా రాతి పొడి పేరుకుని ఉండొచ్చు.