లీనియర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

"వాడేదో పాత రేడియో పెట్టె కొన్నాడట, కారులోంచి దించేసరికి నడుం పట్టేసిందట" అని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటో చూశాక గాని అది హీత్‌కిట్ ఎస్‌బీ-220 లీనియర్, అంటే హామ్ రేడియో సెట్టు సిగ్నల్ బలాన్ని పెంచే యాంప్లిఫయర్ అని తెలియలేదు. డేటన్ హామ్‌వెన్షన్‌లో, ఆ హామ్ రేడియో సంతలో బేరమాడి తెచ్చుకున్నావంటే సంతోషమే. ఇక్కడ ఇండియాలో మన జనరల్ గ్రేడ్ లైసెన్సుకు హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) 400 వాట్లే హద్దు. యుద్ధకాలం నాటి మిగులు సరుకులో దొరికిన 807 ట్యూబులు, అదృష్టం బాగుంటే ఒక 813, వాటితోనే మా తరం లీనియర్లు కట్టుకునేది. రెండు 3-500జెడ్ ట్యూబుల పెట్టె మన పిల్లవాడి బల్ల మీద ఉందంటే గర్వంగా ఉండదూ? అంతలోనే భయం. ఆ బల్ల కిందే కదా మన బుజ్జిది ఆడుకునేది. ఈ ఉత్తరం చివరిదాకా చదవనిదే దాన్ని ప్లగ్గులో పెట్టకు.

తేలిక సంగతులు ముందు. మీ అమెరికాలో 1500 వాట్ల పీఈపీ (శిఖర శక్తి) దాకా అనుమతి ఉంది, ఈ పెట్టె వెయ్యి చిల్లరకు మించి ఇవ్వదు. సన్నటి ఆర్‌జీ-58 యాంటెన్నా కేబుల్ తీసేసి లావుపాటి ఆర్‌జీ-213 గాని ఎల్‌ఎంఆర్-400 గాని వెయ్యి. యాంటెన్నా ట్యూనరూ, కేబుల్‌ని యాంటెన్నాకు కలిపే బాలనూ వంద వాట్లవైతే పక్కన పెట్టు. మీ ఎఫ్‌సీసీ (రేడియో నియంత్రణ సంస్థ) 2021లో మార్చిన నిబంధన ప్రకారం ఆర్‌ఎఫ్ ఎక్స్‌పోజర్, అంటే మనుషుల మీద పడే రేడియో తరంగాల లెక్క వేసి ఉంచుకోవాలి. మీ వైరు యాంటెన్నా పెరట్లో పిల్లలకి అందేంత కిందికి ఉందేమో, ముందు అది పైకెత్తు.

ఇక అసలు విషయం. ఎస్‌బీ-220 ఫ్యాక్టరీలో బిగించి అమ్మిన సరుకు కాదు, కిట్టు. 1970లలో కొన్నవాడే ఇంట్లో కూర్చుని టంకం పెట్టుకున్నాడు. అందుకని ఏ రెండు పెట్టెలూ ఒక్కలా ఉండవు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో రెండు చుట్లు ఉంటాయి. పారలల్‌గా కలిపితే 120 వోల్టులకు, సిరీస్‌గా కలిపితే 240కి. కట్టినవాడు ఎలా కలిపాడో బయటికి తెలియదు. ప్లగ్గు ఆకారాన్ని నమ్మకు, అమ్మినవాడి మాట అసలే నమ్మకు. పెట్టె విప్పి, టెర్మినల్ స్ట్రిప్ మీద తీగలు మాన్యువల్ బొమ్మతో ఒక్కొక్కటే సరిచూసుకో. 120కి కలిపినదాన్ని 240లో గుచ్చితే 3000 వోల్టులు ఉండాల్సిన చోట 6000 వైపు పరుగెడుతుంది, కెపాసిటర్లు పేలిపోతాయి. సరిచూసుకున్నాక 240కే కలిపి వాడు. 120 మీద కరెంటు రెట్టింపు లాగుతుంది, నువ్వు మైకులో మాట్లాడినప్పుడల్లా ఇంట్లో దీపాలు మిణుకుమంటాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దీనికంటూ విడిగా 240 వోల్టుల లైను వేయించు. ఆకుపచ్చ ఎర్త్ తీగ చాసీకి (పెట్టె లోహపు చట్రానికి) గట్టిగా తగిలి ఉండాలి. ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి చాసీకి మీటరు పెడితే ఒక ఓము కూడా రాకూడదు.

కెపాసిటర్లు పాతవే అయి ఉంటే చర్చ లేదు, మార్చాల్సిందే. 200 మైక్రోఫారడ్, 450 వోల్టులవి ఎనిమిది సిరీస్‌లో ఉంటాయి. ఒక్కోదానికి అడ్డంగా 30 కిలోఓముల బ్లీడర్ రెసిస్టర్, స్విచ్ ఆపాక చార్జిని ఖాళీ చేసేది. ఆ బ్లీడర్ ఒక్కోటీ అయిదు వాట్లకు కొంచెం తక్కువ వేడి పుట్టిస్తుంది, ఎనిమిదీ కలిసి 37 వాట్లు. కెపాసిటర్ల పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి వాటిని ఎండబెట్టింది ఆ వేడే. కొత్తవి 220 మైక్రోఫారడ్, 450 వోల్టులు, 105 డిగ్రీలవి తీసుకో. బ్లీడర్లు 100 కిలోఓములు, 3 వాట్ల మెటల్ ఆక్సైడ్‌వి వేస్తే వేడి మూడో వంతుకు దిగుతుంది. కొనేటప్పుడు వాట్లొక్కటే చూస్తే చాలదు, రెసిస్టర్ వోల్టేజీ రేటింగ్ కూడా 500 ఉండాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పాత బ్లీడర్లతో 3000 వోల్టులు 30కి దిగడానికి అర నిమిషం చాలు. కొత్తవాటితో నూరు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆ తేడా గుర్తు పెట్టుకో.

ఇప్పుడు చెప్పేది నింపాదిగా చదువు. ట్యూబులు వాడే మనవాళ్లలో తరతరాలుగా ఒక పాడు అలవాటు ఉంది. స్విచ్ ఆపుతారు, హెచ్‌వీ (హై వోల్టేజీ) మీటరు ముల్లు సున్నాకి దిగేదాకా చూస్తారు, "దిగిపోయిందిలే" అని మూత తీసి చెయ్యి పెట్టేస్తారు. ఈ అలవాటు ప్రాణాలు తీసింది. ఎందుకో చెప్తాను. ఆ మీటరుకు వోల్టేజీ నేరుగా వెళ్లదు, మెగోముల రెసిస్టర్ల వరస గుండా వెళుతుంది. యాభై ఏళ్ల కార్బన్ రెసిస్టర్ విలువ పెరిగితే మీటరు తక్కువ చూపిస్తుంది. పూర్తిగా తెగితే సున్నా చూపిస్తుంది, లోపల 3000 వోల్టులున్నా సరే. కాబట్టి ముల్లు సున్నా మీద ఉందంటే రెండు అర్థాలు: వోల్టేజీ పోయి ఉండొచ్చు, మీటరే పోయి ఉండొచ్చు. ఏది నిజమో బయటినుంచి చెప్పడం ఎవరి తరమూ కాదు.

బ్లీడర్ తెగినా అంతే ప్రమాదం. తెగిన బ్లీడర్ ఉన్న కెపాసిటర్ తన వాటా 375 వోల్టులతో ఆగదు. మిగతా బ్లీడర్లలోంచి వచ్చే కరెంటుకు ఇక్కడ దారి లేక దాని వోల్టేజీ పెరుగుతూ 450 దాటేస్తుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. పగలకపోతే ఇంకా ప్రమాదం, స్విచ్ ఆపాక కూడా అది చార్జి పట్టుకునే కూర్చుంటుంది. మొత్తం వరసలో నిండా ఉన్నప్పుడు నూట పది జౌళ్ల పైమాట. ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతే ఆ మేనమామ లేడు, ఈ మేనల్లుడు లేడు.

అందుకని చికెన్ స్టిక్, అంటే దూరం నుంచే చార్జిని ఖాళీ చేసే కర్ర చేసుకోవాలి. అడుగున్నర పొడవు పీవీసీ గొట్టం గాని ఫైబర్ కర్ర గాని తీసుకో, కొసకి ఇత్తడి కొక్కెం బిగించు. ఇలాంటివి రెండు చెయ్యి. మొదటిదాని కొక్కేనికీ చాసీ క్లిప్పుకీ మధ్య 1000 ఓముల, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టు. రెండోదాంట్లో రెసిస్టర్ ఉండదు, లావుపాటి మెత్తని తీగే నేరుగా చాసీకి. రెసిస్టర్‌ది ఎందుకంటావా? ఈ పెట్టెలో హెచ్‌వీ మైనస్ నేరుగా చాసీకి అంటదు, మీటర్ షంట్ల (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్ల) గుండా వెళుతుంది. ప్లస్‌ను స్క్రూడ్రైవర్‌తో చాసీకి ఢామ్మని తగిలిస్తే ఆ కరెంటంతా షంట్ మీదా బయాస్ జీనర్ డయోడ్ మీదా పడుతుంది, మీటరు మాడిపోతుంది. రెసిస్టర్ ఉంటే మూడు ఆంపియర్లకు ఆగుతుంది. ఆ రెసిస్టరే తెగి ఉంటే? అందుకే రెండో కర్ర.

వరస ఇది, మార్చకు. స్విచ్ ఆపు. ప్లగ్గు పీకి, నీ కంటికి కనపడేలా బల్ల మీద పెట్టు. మూడు నిమిషాలు ఆగు. క్లిప్పులు ముందు చాసీకి బిగించు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో మొదటి కర్ర కొక్కేన్ని ట్యూబు నెత్తిన ఉండే ప్లేటు క్యాప్‌కు తగిలించి పదికి లెక్కపెట్టు. తరవాత రెండోది తగిలించి, పని అయ్యేదాకా తియ్యకు. ఒకసారి తాకించి తీసేస్తే చాలదు, పెద్ద కెపాసిటర్ కాసేపటికి కొంత వోల్టేజీ తనంతట తానే తిరిగి కూడగట్టుకుంటుంది. ఇంత అయ్యాకే మల్టీమీటరు తీసి ఎనిమిది కెపాసిటర్లూ విడివిడిగా చూడు. మల్టీమీటరుతో 3000 వోల్టులు కొలవాలన్న ఆలోచన కలలో కూడా రానీయకు, అది మహా అయితే 1000కి. ఉంగరం, చేతి గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టు. నిద్ర ముఖంతో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూత తియ్యకు. పెద్దమూత కింద చిల్లుల రేకు తీస్తే హెచ్‌వీని చాసీకి కలిపే ఒక పట్టీ ఉంటుంది. పాత యజమానులు పరీక్షల కోసం దాన్ని వంచేసో టేపు చుట్టో వదిలేస్తుంటారు. ఉందో లేదో చూసి మొదటి స్థితికి తే. అది ఉంది కదా అని కర్ర మానకు.

కోపంగా రాస్తున్నాననుకోకు. కోపం కాదురా.

రిగ్గుకీ (నీ రేడియో సెట్టుకీ) లీనియర్‌కీ మధ్య రిలే తీగ ఉంది చూశావా, దాని మీద నూట పది వోల్టుల పైన డీసీ ఉంటుంది. ఆ రోజుల రిగ్గుల్లో మెకానికల్ రిలే కాంటాక్టులు, అవి తట్టుకునేవి. నీ కొత్త రిగ్గులో ఆ జాక్ వెనక చిన్న ట్రాన్సిస్టర్ ఉండి ఉంటుంది, అది తక్షణం పోతుంది. ఆ వోల్టేజీ రిగ్గుకి తగలకుండా మధ్యలో సాఫ్ట్-కీ బోర్డు పెట్టు, హార్‌బాక్ వాళ్లది ఈ పెట్టె కోసమే చేసింది ఉంది. హెచ్‌వీ ప్లస్ తీగలో 25 ఓముల, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ కూడా వెయ్యి. ట్యూబులో ఎప్పుడైనా ఆర్క్ (నిప్పు మెరుపు) వస్తే దెబ్బ అది తింటుంది. అవుట్‌పుట్ సాకెట్ దగ్గర చాసీకి ఒక ఆర్‌ఎఫ్ చోక్ ఉందేమో చూడు. ప్లేటు బ్లాకింగ్ కెపాసిటర్ షార్ట్ అయితే 3000 వోల్టులు యాంటెన్నా మీదికి పోకుండా ఫ్యూజును కొట్టించేది అదే.

ట్యూబులు పెట్టేముందు ఓమ్‌మీటరుతో గ్రిడ్ పిన్నులకీ ఫిలమెంట్ పిన్నులకీ మధ్య చూడు, అసలు కనెక్షనే చూపకూడదు. ఏళ్ల తరబడి మూల పడ్డ ట్యూబుల్లో కొద్దిగా వాయువు ఊరుతుంది. హెచ్‌వీ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ విప్పి, ఫిలమెంటూ ఫ్యానూ మాత్రం ఒక రాత్రంతా నడవనీ. ఫ్యాను ఆగితే ఈ ట్యూబులు బతకవు, పిన్నుల టంకమే కరిగి కారుతుంది. చేత్తో తిప్పి చూడు, బిగుసుగా ఉంటే బేరింగుకి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క, ఒకటే చుక్క.

ఇక ట్యూనింగ్. మొదటిసారి యాంటెన్నా మీద కాదు, నూనె డబ్బాలో ముంచిన డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) మీద. మోడ్ స్విచ్ సీడబ్ల్యూ-ట్యూన్ మీద పెడితే ప్లేటుకు సుమారు 2400 వోల్టులే ఉంటాయి. మాన్యువల్‌లో చెప్పిన చోట్లకి ట్యూన్, లోడ్ నాబ్‌లు తిప్పి, రిగ్గు నుంచి ఇరవై వాట్లివ్వు. ప్లేటు కరెంటు డిప్ అయ్యేలా, అంటే అన్నిటికంటే కిందికి దిగేలా ట్యూన్ తిప్పు. లోడ్ కొంచెం, మళ్లీ ట్యూన్, అలా అవుట్‌పుట్ పెరిగినంతకాలం. తరవాతే డ్రైవ్ పెంచు. కీ పది సెకన్లకు మించి నొక్కకు, మళ్లీ నొక్కేముందు అంతకంటే ఎక్కువసేపు ఆగు. గ్రిడ్ కరెంటు 200 మిల్లీ ఆంపియర్లు దాటనీయకు. గ్రిడ్ ఎగిరిపడి ప్లేటు కరెంటు తక్కువుంటే లోడింగ్ చాలలేదని అర్థం. గ్రిడ్ మరీ తక్కువై అవుట్‌పుట్ కూడా పడిపోతే లోడింగ్ ఎక్కువైంది. ఎస్‌ఎస్‌బీకి (మాట పంపే మోడ్‌కి) మార్చాక మైకులో మాట్లాడటమే, మళ్లీ నాబ్‌లు కెలకకు.

ప్లేట్లు ఎర్రబడితే హడలిపోకు. 3-500జెడ్ ప్లేటు ఎర్రగా కాలితేనే దాని లోపలి గెట్టర్ పని చేస్తుంది, వాయువును పీల్చుకుంటుంది. రెండూ దాదాపు ఒకే రంగులో ఉండాలి. ఒకటి నారింజ దాటి పసుపుకి పోతుంటే వెంటనే ఆపు. సిరామిక్ ట్యూబుల్లా దీనికి మూడు నిమిషాల వామప్ అక్కర్లేదు, ఫిలమెంట్ వెలిగిన కొద్ది సెకన్లలో సిద్ధం. ఆపేటప్పుడు మాత్రం తొందర వద్దు. మాట్లాడటం ఆపి నాలుగు నిమిషాలు రిసీవ్‌లో ఉంచు, ఫ్యాను వేడి లాగేశాక స్విచ్ ఆపు.

బుజ్జిది ఆ గదిలోకి వచ్చే వేళల్లో ప్లగ్గు గోడలో ఉండకూడదు. వెనక చిల్లుల్లోంచి చిన్న వేలు, పుల్ల, హెయిర్‌పిన్ను, ఏది దూరుతుందో పెద్దవాళ్ల కళ్లకు తట్టదు. పెట్టెను గోడకు చేర్చకు, గాలి ఆడాలి. కానీ వెనకవైపు దానికి అందకుండా ఏదో ఒక అడ్డు కట్టు. బ్రేకర్ ఎక్కడుందో కోడలికి చూపించు. నీకు ఏదైనా అయితే ముందు నిన్ను ముట్టుకోకుండా బ్రేకర్ కొట్టాలని, తరవాతే 911 అని చెప్పు. సీపీఆర్ ఇద్దరూ నేర్చుకోండి.

ఈ ఆదివారం రెండు కర్రలూ చేసి, పైన చెప్పిన వరసలో పెట్టె విప్పి నాలుగు ఫొటోలు పంపు: ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్ స్ట్రిప్, కెపాసిటర్ల వరస, మీటరు రెసిస్టర్ల వరస, ట్యూబు సాకెట్ల అడుగు. తీగల రంగులు స్పష్టంగా కనపడాలి. చూసి జవాబు రాస్తాను. అందాకా ప్లగ్గు గోడలో పెట్టకు.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు)
మీ మావయ్య