స్క్రాచ్ అంటే ఇక్కడ గీత కాదండీ

సందేహం: రాజోలు నుంచి ఒక పాఠకుడు అడిగారు. "ప్లాస్టిక్ విమానాల కిట్లు అతికించడం నాకు సరదా. ఇప్పుడు 1/72 స్కేలులో, అంటే అసలు దానికి డెబ్బైరెండో వంతు కొలతలో, మిగ్-21 యుద్ధవిమానం చేస్తున్నాను. కిట్టులో రాని సీటు బెల్టులు, కాక్‌పిట్ లోపలి మీటలు నేనే చేసి పెట్టాను. రెక్కల మీద గీతలు కూడా సూదితో మళ్ళీ చెక్కాను. ఇలా కిట్టులో లేనిది సొంతంగా చేయడాన్ని ఇంగ్లీషులో స్క్రాచ్‌బిల్ట్ అనీ, పైన కనిపించే గీతలూ రివెట్లూ లాంటి వాటిని సర్ఫేస్ డీటెయిల్ అనీ అంటారు. దీని గురించి తెలుగులో రాద్దామని ఫోన్‌లో అనువాదం చూస్తే మొదటిదానికి 'గీతలతో నిర్మించిన' అనీ, రెండోదానికి 'ఉపరితల వివరాలు' అనీ వచ్చింది. వాడొచ్చా?"

సమాధానం: మొదటిది వద్దండీ. రెండోది తప్పని అనను గానీ, అది చదివితే రెక్క కళ్ళ ముందుకు రాదు.

ఇంగ్లీషులో ఆ స్క్రాచ్ పరుగుపందెంలో నేల మీద గీసే గీత. అందరూ బయల్దేరే చోటు అది. ఏ వెసులుబాటూ లేకుండా అక్కడినుంచి మొదలుపెట్టడమనే అర్థంలోంచి, ఏమీ లేని చోటునుంచి తయారుచేయడం అనే వాడుక పుట్టింది. ఆ గీత తెలుగులోకి రాదు, రావలసిన పనీ లేదు. పైగా మీ పనిలో నిజంగానే సూదితో గీరేది వేరే ఉంది కదా, రెంటికీ గీత అనే అంటే చదివేవాళ్ళు ఏది ఏదో తేల్చుకోలేరు.

'స్వయంకల్పితం' అని ఇంకెవరో సలహా ఇస్తారేమో, అదీ తీసుకోకండి. కల్పితం అనగానే మనకి అబద్ధం గుర్తొస్తుంది. మీరు ఫొటోలు ముందు పెట్టుకుని, ఉన్నదున్నట్టు దింపడానికి అంత కష్టపడి, చివరికి దాన్ని కల్పితం అనుకోవడం ఏం న్యాయం? చేనేత ఉంది కాబట్టి చేకట్టు అందామా అని నేనూ ఓ పూట ఆలోచించాను, కానీ వినగానే చేతికి కట్టిన కట్టు గుర్తొస్తోంది, వదిలేశాను.

మన దగ్గర ఇలాంటి పనికి ఉన్న క్రియ 'కట్టడం'. ఇల్లు కడతాం, పడవ కడతాం. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి మన ఊళ్ళవాళ్ళు ప్రభలు కడతారు. వెదురు, గుడ్డ, తాళ్ళు తెచ్చుకుని చేత్తో కడతారు, ఎవరూ ప్రభ తయారుచేశాం అనరు. మొత్తం విమానాన్ని మీరే చేస్తే 'సొంతంగా కట్టిన విమానం' అనండి. కిట్టు కొనుక్కుని అందులో కొన్ని భాగాలు మాత్రం మీరు చేసి పెడితే 'చేత్తో చేసిన భాగాలు' అంటే చాలు. మీ మిగ్ ఈ రెండో రకం.

ఇక వివరాలు. సంస్కృతంలో వివరం అంటే రంధ్రం. తెరుచుకుని ఉన్న చోటు అన్నమాట, అక్కడినుంచే విప్పి చెప్పడం అనే అర్థం మనకి స్థిరపడింది. అందుకే ఇవాళ్టి తెలుగులో వివరాలు అడుగుతాం, చెబుతాం, దరఖాస్తులో నింపుతాం. రెక్క మీద వివరాలు ఉండటం మాత్రం మన చెవికి అలవాటు లేని మాట. నగిషీ అందామంటే అది అందం కోసం చేసే పని, మీది పోలిక కోసం చేసే పని.

నా ఉద్దేశం అడిగితే, డీటెయిల్ అనే నామవాచకానికి సరిసాటి మాట వెతకడం మానేసి, చెయ్యి ఏం చేస్తోందో చూసి ఆ క్రియ రాయండి. ఈ విషయంలో తెలుగుకి లోటు లేదు.

మా మేనల్లుడికీ ఇదే పిచ్చి. సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడు వీధరుగు మీద కూచుని పాత కిట్టు రెక్కతో కుస్తీ పడుతుంటే గంటసేపు పక్కనే ఉన్నాను. పాత కిట్లలో గీతలు ఉబ్బుగా ఉండేవట. వాటిని ఉప్పుకాగితంతో రుద్దేశాడు. పెన్సిల్‌తో గీత గీశాడు. దాని పక్కన మందపాటి టేపు అంటించి, సూది ఆనించి, బరువు వేయకుండా లాగాడు. తెల్లటి చార పడింది, అంతే. ఇది గీరు. నాలుగోసారో ఐదోసారో లాగేసరికి సూది ముందు సన్నటి ప్లాస్టిక్ పొట్టు ఉంగరంలా చుట్టుకుని లేచింది. "అదిగో మావయ్యా, గాడి పడింది" అన్నాడు. వాడికి ఎవరూ ఆ మాట నేర్పలేదు! వడ్రంగి తలుపుచెక్కలో తీసేదీ, బండి చక్రం మట్టిరోడ్డు మీద చేసేదీ అదే గాడి. గీయడం, గీరడం, గాడి తీయడం: లోతు పెరిగేకొద్దీ మాట మారుతోంది చూడండి, డీటెయిల్ అని ఒక్క మాట వేస్తే ఈ మూడు మెట్లూ పోతాయి.

ఆ గాడి ఎక్కడ పడాలి? అసలు విమానం మీద రెండు రేకులు కలిసే చోట. ప్యానెల్‌కి 'రేకు' ఎంత బాగా సరిపోతుందో! రాగిరేకు, తామరరేకు, రేకుల షెడ్డు, అన్నీ పల్చగా పరుచుకున్నవే. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే, పూత ఆరి రేకై లేస్తుంది. పూతరేకులో ఆ రెండు మాటలూ మీకు పనికొచ్చేవే: రంగు పూత, ప్లాస్టిక్ రేకు. ప్యానెల్ లైన్ అంటే రేకుల అతుకు. రంగు పూత దట్టమైతే అతుకు గాడి పూడిపోతుంది, అందుకే పల్చగా వేయమంటారు. రివెట్‌ని రివెట్ అనే ఉంచండి, అది మన షెడ్లలో పాతుకుపోయిన మాట. పైకి ఉబ్బి ఉంటే బొడిపె, లోపలికి ఉంటే చుక్క. దర్జీలు గుర్తులు వేసే పళ్ళచక్రం లాంటి దాన్ని దొర్లించి చుక్కల వరస పెడతారు, కాబట్టి ముగ్గు చుక్కలు పెట్టినట్టు 'పెట్టడం' అనే క్రియ సరిగ్గా అతుకుతుంది.

ఏరియల్ తీగ, అంటే విమానం మీది రేడియో తీగ, సంగతి చెప్పకుండా ఉండలేను. కిట్టు భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్కని కొవ్వొత్తి సెగ దగ్గర తిప్పుతూ ఉంటే మెత్తబడి నిగనిగలాడుతుంది. అప్పుడు మంట నుంచి తప్పించి రెండు చేతులా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. కంసాలి కమ్మచ్చులోంచి, అంటే చిల్లుల పలకలోంచి, వెండి తీగ లాగుతాడు, మావాడు కమ్మచ్చు లేకుండానే లాగాడు. ఇంగ్లీషులో దీన్ని 'సాగదీసిన చట్రం' అనే అర్థం వచ్చేలా అంటారు. తెలుగులో 'తీగ లాగడం' అంటే పాకం చూసే ఇల్లాలికి కూడా అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. మిగ్-21 రెక్కల కొస నుంచి కొసకి 7.15 మీటర్లు, మీ బల్ల మీద 10 సెంటీమీటర్ల లోపే. మీరు 0.07 మిల్లీమీటర్ల గాడి, అంటే సుమారు వెంట్రుక మందం, తీసినా అసలు విమానం మీద అది 5 మిల్లీమీటర్ల సందు కింద లెక్క. అంత సందు అసలు దాని మీద ఉండదు. ఎంత సన్నగా తీసినా అసలుకంటే లావే. అందుకని 'యథాతథంగా చెక్కాను' అని రాయకండి, 'పోలిక వచ్చేలా గాడి తీశాను' అనండి, అది నిజం.

'నమూనా విమానం' అని కూడా అనకండి. అది ఫ్యాక్టరీలో ముందుగా చేసి చూసుకునే విమానం అవుతుంది. మీది విమానం నమూనా.

మీ వాక్యం నేనైతే ఇలా రాస్తాను: "కిట్టులో లేని సీటు బెల్టులు, మీటలు ప్లాస్టిక్ రేకుతో, రాగి తీగతో చేత్తో చేసి పెట్టాను, రెక్కల మీద ఉబ్బు గీతలు రుద్దేసి, రేకుల అతుకుల వెంబడి సూదితో గాడి తీసి, రివెట్ చుక్కలు పెట్టాను." శీర్షికలో మాత్రం స్క్రాచ్‌బిల్ట్ అని తెలుగు లిపిలో అలాగే ఉంచండి, వెతుక్కునేవాళ్ళు ఆ మాటతోనే వెతుకుతారు.