ఆరడుగుల ఏడంగుళాల డిఫెన్స్‌మన్‌ని డ్రాఫ్ట్‌లో ఎలా అంచనా వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పదిహేడేళ్ళ కుర్రాడు, ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు, బరువు వంద కిలోల దరిదాపు, కెనడా జూనియర్ ఐస్ హాకీ లీగ్‌లో డిఫెన్స్‌మన్ (గోల్ ముందు కాపు కాసే ఆటగాడు). సీజన్ మొత్తానికి పదిహేను పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) కూడా దాటలేదు. అయినా ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్) జట్లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొదటి రౌండ్ చివరి పిక్‌లలో (ఒక్కో ఎంపికని పిక్ అంటారు) మీ అభిమాన జట్టు వాణ్ణి తీసుకుంటుందని అందరూ అంటున్నారు. ఎత్తు చూసి మోసపోతున్నారా, నిజంగా సరుకుందా అని మీ అనుమానం.

ముందు నా సంగతి చెప్తాను. నేను స్కౌట్‌ని, అంటే జట్ల కోసం కుర్రాళ్ళని చూసి అంచనా వేసేవాణ్ణి, కాను. ఒంటారియోలో కిచెనర్‌లో ఉంటాను. మా అబ్బాయి ఆట పుణ్యమా అని రింకులు అలవాటయ్యాయి. వాడు మానేసినా నేను మానలేదు. కొన్నాళ్ళు ఒక జూనియర్ జట్టుకి వాలంటీర్‌గా మ్యాచ్ వీడియోలు కత్తిరించి, ఒక్కో ఆటగాడి షిఫ్టులు (ఐస్ మీదికి దిగి ఆడే విడతలు) విడిగా పెట్టే పని చేశాను. ఒకే కుర్రాణ్ణి, పక్ (ఐస్ మీద కొట్టే రబ్బరు బిళ్ళ) వాడి దగ్గర లేనప్పుడు కూడా గంటల తరబడి చూడటం ఆ పని వల్లే వచ్చింది. కింద రాసేదంతా అలా చూసి తెలుసుకున్నదే.

ఇలాంటి పొడుగు కుర్రాళ్ళలో నేను మొదట చూసేది పాదాలు. అది కూడా వేగం కాదు, తిరగడం. డిఫెన్స్‌మన్ తన మీదికి వచ్చేవాడికి ఎదురుగా ఉంటూ వెనక్కి స్కేట్ చేస్తాడు. ఎదుటివాడు భుజం దించి బయటివైపుకి దూసుకెళ్ళగానే వీడు నడుం తిప్పి ముందుకు పరిగెత్తాలి. మామూలు ఎత్తువాళ్ళు దీన్ని రెండు తోపుల్లో ముగిస్తారు. పొడుగువాడికి కాళ్ళు పొడవు, బరువంతా పైన. తిరిగే క్షణంలో చాలామంది నిటారుగా లేచిపోతారు. మోకాళ్ళు చాపారా, ఇక తోయడానికి బలం ఉండదు. అప్పుడు ఒంటిచేత్తో స్టిక్ చాచి అడ్డం పెడతారు, అది కాళ్ళకి తగిలి ట్రిప్పింగ్ పెనాల్టీ. వీడియోలో ఆ చోట ఆపి చూడండి. ఎదుటివాడి భుజం దిగిన ఫ్రేమ్ నుంచి, మనవాడి రెండు స్కేట్లూ సొంత గోల్ వైపు తిరిగిన ఫ్రేమ్ దాకా వాడి తల ఎత్తు మారిందా లేదా? మారకుండా తిరిగేవాడైతే మిగతావి చూడొచ్చు.

నేను వీడియోలు చూసిన రోజుల్లో ఇలాంటి కుర్రాడే ఒకడుండేవాడు. అక్టోబరులో తిరిగిన ప్రతిసారీ లేచి నిలబడేవాడు. స్కేటింగ్ కోచ్ వాణ్ణి లేసులు పై రంధ్రం వదిలేసి కట్టుకోమన్నాడు, చీలమండ ముందుకి వంగాలని. దాంతోపాటు రోజూ ప్రాక్టీసు అయ్యాక మూలలో ఒంటరిగా అటూ ఇటూ తిరగడమే పని. ఫిబ్రవరికి కూర్చున్నట్టుగా, కిందికి దిగి ఆడుతున్నాడు. స్కోరు పట్టికలో మాత్రం ఏ మార్పూ లేదు, అవే పాయింట్లు. స్టాండ్స్‌లో ఎవరూ గమనించలేదు కానీ, నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చే వాళ్ళు గమనించారు. అందుకే మీ కుర్రాడి వీడియోలు దొరికితే సీజన్ మొదట్లోవి ఒక మూడు, చివర్లోవి ఒక మూడు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క మ్యాచ్ చూసి చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి.

రెండోది తల. ఎదుటి జట్టు పక్‌ని మీ మూలలోకి కొట్టి వెంటపడుతుంది. డిఫెన్స్‌మన్ గోల్ వెనక్కి వెళ్ళి దాన్ని తీయాలి, వీపు వెనక ఒకడు తరుముతుంటాడు. పక్ చేరేలోపు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశాడో లెక్కపెట్టండి. ఒకటి రెండుసార్లు చూసినవాడు పక్ ముట్టుకునేసరికే ఎటు ఇవ్వాలో తేల్చుకుని ఉంటాడు. చూడనివాడు స్కేట్ల చప్పుడు విని కంగారుపడి గ్లాస్ మీదికి కొట్టి వదిలించుకుంటాడు. జూనియర్‌లో అది నడిచిపోతుంది, పైలీగ్‌లో ఆ పక్ నేరుగా ఎదుటి జట్టు చేతికే వెళ్తుంది. పెద్ద కుర్రాళ్ళకి చిన్నప్పటి నుంచి ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే వెనకాల ఎవడొచ్చినా వీళ్ళని కదిలించలేడు. ఆ సుఖంలో ఈ అలవాటు పడకుండానే పదిహేడేళ్ళు వచ్చేస్తాయి.

ఢీకొట్టడాలకి నేను మార్కులు వేయను. వంద కిలోలవాడు పదహారేళ్ళ బక్కపిల్లాణ్ణి బోర్డుకి అదిమితే జనం లేచి చప్పట్లు కొడతారు, అంతే. చేతుల పొడవుకి మాత్రం విలువ ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టిక్ పొడవు 63 అంగుళాలు మించకూడదు, ఆరడుగుల ఆరంగుళాలు, ఆపైన ఉన్నవాళ్ళకి అనుమతి తీసుకుంటే 65 వరకు ఇస్తారు. అంత చేయి, అంత కర్ర కలిస్తే ఎదుటివాడికి దారే కనపడదు. కానీ స్టిక్ చాచినప్పుడు కాళ్ళు ఆగిపోతున్నాయా అన్నది చూడాలి. జూనియర్ కుర్రాళ్ళు పక్‌ని ఒంటికి దూరంగా పెట్టుకుంటారు కాబట్టి తగులుతుంది. పైన ఆడేవాళ్ళు ఆ స్టిక్ కోసమే కాచుకుని, కిందనుంచి లాక్కుని దాటేస్తారు.

పాయింట్ల సంగతికొస్తే, పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో మనిషి తగ్గినప్పుడు, వాడికి ఎంత సమయం ఇచ్చారో కనుక్కోండి. జూనియర్ కోచ్‌లు అక్కడ చేతుల్లో నైపుణ్యం ఉన్న చిన్నవాళ్ళని దింపుతారు. మామూలు అయిదుగురి ఆటలో వచ్చిన పన్నెండు పాయింట్లు వేరు, పవర్ ప్లేలో పోగేసిన ముప్ఫై వేరు. డ్రాఫ్ట్ ముందు జూన్‌లో బఫలోలో జరిగే కంబైన్ (కుర్రాళ్ళ ఒంటి సత్తా పరీక్షలు) ఫలితాల మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోకండి. అక్కడ దూకిస్తారు, సైకిల్ తొక్కిస్తారు, బరువులు లాగిస్తారు. ఐస్ మీద పరీక్షే లేదు.

ఇక చరిత్ర. పొడుగు డిఫెన్స్‌మన్ పేరెత్తగానే అందరూ జెడెనో ఛారా అంటారు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు, స్లొవేకియాలో చిన్నప్పుడు బాస్కెట్‌బాల్‌కి పొమ్మన్నారట. తండ్రి 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న రెజ్లర్, కొడుకు చేత కసరత్తు చేయించాడు. 1996లో న్యూయార్క్ ఐలాండర్స్ మూడో రౌండ్‌లో, 56వ పిక్‌కి తీసుకున్నారు. 2001లో వాళ్ళే ఒటావాకి వదులుకున్నారు. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ వచ్చింది 2009లో, బోస్టన్ కెప్టెన్‌గా స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేత ట్రోఫీ) ఎత్తింది 2011లో. చివరికి 1,680 మ్యాచ్‌లు, డిఫెన్స్‌మన్‌లలో అందరికన్నా ఎక్కువ. ఛారాని ఉదాహరణగా చూపేవాళ్ళు డ్రాఫ్ట్‌కీ నోరిస్‌కీ మధ్య గడిచిన పదమూడేళ్ళు చెప్పరు, వాణ్ణి 56కి తీసుకున్నారన్నదీ చెప్పరు. ఆ పిక్‌కి పోయినా పోయేది కొంచెమే.

పదో పిక్‌కైతే లెక్క వేరు. 2004లో అట్లాంటా పదో పిక్‌కి బోరిస్ వాలబిక్‌ని తీసుకుంది. ఆరడుగుల ఏడంగుళాలు, మా ఊరి కిచెనర్ రేంజర్స్ కుర్రాడే, ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 80 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ లేదు. అదే డ్రాఫ్ట్‌లో, తర్వాత పేరు తెచ్చుకున్న డిఫెన్స్‌మన్ మైక్ గ్రీన్ 29 దాకా మిగిలి ఉన్నాడు. వాలబిక్‌కి కాలం కూడా కలిసిరాలేదు. తర్వాతి సీజన్ లాకౌట్‌తో (జట్ల యజమానులు ఆట ఆపేయడంతో) పోయింది, 2005లో లీగ్ తిరిగొచ్చేసరికి స్టిక్‌తో లాగి పట్టుకోవడాలపై రిఫరీలు కఠినంగా పెనాల్టీలివ్వడం మొదలుపెట్టారు, మధ్యగీత దాటించి పొడుగు పాస్ ఇవ్వడం కూడా చెల్లుబాటయింది. నెమ్మదైన పెద్ద డిఫెన్స్‌మన్ బతుకుతెరువు ఎదుటివాణ్ణి పట్టుకోవడం. దాన్నే తీసేశారు. అయినా 2010లో రేంజర్స్ అంటే న్యూయార్క్‌వాళ్ళు, మళ్ళీ పదో పిక్‌కే ఆరడుగుల అయిదంగుళాల డిలన్ మెకిల్‌రాత్‌ని తీసుకున్నారు. క్యామ్ ఫౌలర్ 12కి, వరుసగా అయిదు సీజన్లు 30కి పైగా గోల్స్ కొట్టిన టరాసెంకో 16కి వెళ్ళారు. మెకిల్‌రాత్ కెరీర్ ఎక్కువగా కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లోనే గడిచింది, అక్కడ హెర్షీ కెప్టెన్‌గా 2023, 2024లో వరుసగా ఆ లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్ గెలిచాడు. గౌరవమైన కెరీరే, కాకపోతే పదో పిక్‌కి జట్టు కోరుకునేది అది కాదు.

హ్యాల్ గిల్ నాకు ఇష్టమైన మినహాయింపు. ఆరడుగుల ఏడంగుళాలు, స్కేటింగ్ చూస్తే నీరసం వస్తుంది. 1993లో 207వ పిక్. వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు, 2009లో పిట్స్‌బర్గ్‌తో కప్ గెలిచాడు. ఆ కాళ్ళతో అన్నేళ్ళు నిలిచాడంటే తల ఎంత ముందుండాలో చూడండి. నేను పైన చెప్పిన రెండింటిలో ఒకటి లోపించినా, రెండోది అసాధారణంగా ఉంటే నిలబడొచ్చు. అసాధారణంగా అన్న మాట మాత్రం మర్చిపోకండి.

వాడు ఎప్పుడు ఎదిగాడన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. పన్నెండేళ్ళకే అందరికన్నా పొడుగువాడైతే ఆ ఒంటితో ఆడటం అలవాటై ఉంటుంది, ఇప్పుడు కనపడే తడబాటు అలాగే ఉండిపోవచ్చు. రెండేళ్ళలో నాలుగైదు అంగుళాలు పెరిగినవాడైతే ఇంకా ఆ కాళ్ళు తనవి అని ఒంటికి తెలియలేదు. ఉదాహరణకి కోల్టన్ పరైకోని 2011లో ఎవరూ తీసుకోలేదు. 2012లో సెయింట్ లూయిస్ 86వ పిక్‌కి తీసుకుంది. 2019లో కప్ గెలిచిన జట్టులో కీలక డిఫెన్స్‌మన్ అతనే. పుట్టిన తేదీ కూడా చూడండి. డ్రాఫ్ట్‌కి సెప్టెంబర్ 15 గడువు కాబట్టి, ఆగస్టులో పుట్టినవాడు ముందటి అక్టోబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది చిన్నవాడు. పెద్ద ఒంటికి ఆ ఏడాది చాలా పెద్దది.

పొడుగు ఫాస్ట్ బౌలర్ కనపడితే మన సెలెక్టర్లకి పుట్టే ఆశే ఇక్కడి జనరల్ మేనేజర్లకీ పుడుతుంది. 2024లో న్యూజెర్సీ పదో పిక్‌కి ఆరడుగుల ఏడంగుళాల అంటోన్ సిలయెవ్‌ని, 2025లో బఫలో తొమ్మిదో పిక్‌కి ఆరడుగుల ఆరంగుళాల రదీమ్ మర్ట్‌కాని తీసుకున్నాయి. ఈ ఇద్దరినీ ఎత్తు చూసే తీసుకున్నారనడం అన్యాయం. సిలయెవ్ పదిహేడేళ్ళకే రష్యా కేహెచ్‌ఎల్‌లో పెద్దవాళ్ళ మధ్య 63 మ్యాచ్‌లు ఆడాడు. అంత ఎత్తువాడు అలా తిరగడం అరుదు. అయితే యూరప్ ఆటగాళ్ళని చూసేటప్పుడు అక్కడ చాలా రింకులు వెడల్పైనవని గుర్తుంచుకోవాలి. ఒలింపిక్ సైజు 30 మీటర్లు, ఎన్‌హెచ్‌ఎల్‌ది 26 లోపే. ఇరుకు రింక్‌లో పొడుగు చేతులకి లాభం, ఆలోచించుకోవడానికి సమయం మాత్రం తక్కువ.

మీవాడి విషయంలో మీరిచ్చిన వివరాలను బట్టి నేనైతే ఇలా చేస్తాను. సీజన్ చివరి మ్యాచ్‌ల్లో తల ఎత్తు మారకుండా తిరుగుతున్నాడు, పక్ దగ్గరికి వెళ్తూ వెనక్కి చూస్తున్నాడు అంటే 25 తర్వాత ఏ పిక్‌కైనా సరే అంటాను, పాయింట్లు ఎన్నున్నా. ఒకటే కనపడితే రెండో రౌండ్. రెండూ లేకపోతే మూడో రౌండ్ దాకా ఆగుతాను, ఈలోపు వేరే జట్టు ఎగరేసుకుపోతే పోనిస్తాను. వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లున్నప్పుడు రెండో రోజు మూడో పీరియడ్ ఒక్కటి తప్పకుండా చూడండి. అలసిపోయాక వాడి మోకాళ్ళు ఎంత వంగి ఉన్నాయో ఇక్కడ రాయండి, అప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.